మంచం చప్పుడు

"స్పూను ఇవ్వమన్నాను గానీ తినిపించమన్నానా?"

అన్న ఎడమచెయ్యి ముందుకు చాపి కూర్చున్నాడు. ఎదురుగా వదిన ముద్ద కలిపి పట్టుకుని ఉంది. ముద్ద ఇద్దరి మధ్యా గాల్లో ఆగిపోయింది.

"పెళ్ళయిన కొత్తలో తినిపిస్తానంటే సిగ్గన్నారు. పన్నెండేళ్ళయింది, ఇంకా తీరలేదా ఆ సిగ్గు?"

"అప్పుడు నాకు రెండు చేతులుండేవి."

"ఇప్పుడూ రెండే ఉన్నాయి. ఒకటి లేవడం లేదు, అంతేగా. ఎందుకు లేవడం లేదో మాత్రం అడక్కూడదు. ఈ ఇంట్లో ఏదైనా అడగొచ్చు, అదొక్కటే అడక్కూడదు."

ఆ చివరి మాట మొగుడికి కాదు. గుమ్మం పక్కన నిలబడి, ఇస్త్రీ చేసిన తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుంటున్న ఆడపడుచుకి.

చిట్టి తల ఎత్తలేదు. కోటు మడత సరిగానే ఉంది. అయినా విప్పి మళ్ళీ మడిచింది.

మూడు రోజులుగా వదిన ఆమెతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. చిట్టికి చెప్పాల్సినవి గిన్నెలకి చెప్తోంది, గోడలకి చెప్తోంది. "నీళ్ళు కాగాయి, ఎవరికి కావాలో వాళ్ళు పోసుకోవచ్చు" అని పొయ్యికి చెప్తోంది. తిట్టినా బాగుండును. తిట్టు పడ్డవాడికి తిరిగి ఒక మాట అనే వీలుంటుంది. పొయ్యితో ఏం పోట్లాడతాం?

"ముద్ద ఆరిపోతోంది," అంది వదిన.

అన్న ఆ ముద్దని తిన్నాడు. తింటూ చెల్లెలి వైపు చూసి కన్నుగీటాడు, చిన్నప్పుడు నాన్న తిట్టినప్పుడల్లా చేసినట్టు. ఏం కాదులే అని దాని అర్థం.

ఆ కన్నుగీటు చిట్టికి చెంపదెబ్బలా తగిలింది.

*

అన్న రంగులేసే మనిషి. ఇరవై ఏళ్ళుగా పైకప్పులే అతని పని. "గోడలు ఎవరైనా వేస్తారు. సీలింగు వెయ్యాలంటే మెడ ఉండాలి, భుజం ఉండాలి" అని గొప్పగా చెప్పుకునేవాడు. రోలరు పట్టుకున్న చెయ్యి తల పైకి లేస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. చిట్టి చదువు కూడా ఆ చెయ్యి లేచినందువల్లే అయింది.

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి చిట్టి. భుజాలూ మోకాళ్ళూ నడుములూ పట్టేసినవాళ్ళకి చేతులతో వైద్యం చేసి, వ్యాయామం చేయిస్తుంది. "డాక్టర్ని కాదు, ఫిజియోథెరపిస్టుని" అని ఎంత మొత్తుకున్నా వీధిలో అందరూ డాక్టరమ్మ అనే అంటారు. అలా అనడం వాళ్ళకి నేర్పింది అన్నే.

నెల కిందట అన్న నిచ్చెన దిగి వచ్చి, "భుజంలో ఏదో పట్టేసిందమ్మా డాక్టరూ" అన్నాడు.

చిట్టికి బస్సు టైమవుతోంది. "చెయ్యెత్తు" అంది. చెయ్యి భుజం దాకా లేచి, అక్కడ వణికి ఆగిపోయింది.

ఆ వారంలో క్లినిక్కి నలుగురు బిగుసుకుపోయిన భుజాలతో వచ్చారు. వాళ్ళకి కీలు చుట్టూ ఉన్న పొర గట్టిపడిపోతుంది. పట్టి సాగదియ్యాలి. అన్నది అయిదో భుజం అనుకుంది.

"బిగుసుకుపోయింది. సాగదీస్తే వస్తుంది."

పది రోజులు సాగదీసింది. పొద్దున్నే, బస్సుకి ముందు ఏడు నిమిషాలు. అన్నని మంచం మీద పడుకోబెట్టి, తన మోకాలు మంచంపట్టెకి ఆనించి, మణికట్టు పట్టుకుని లాగేది. అన్న తువ్వాలు కొరుక్కునేవాడు.

"నొప్పి ఉండాలన్నయ్యా. నొప్పి లేకపోతే సాగనట్టు."

"నువ్వు చెప్పాక ఇంకేముంది" అనేవాడు, తువ్వాలు నోట్లోంచి తీసి.

క్లినిక్కులో ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చినా ముందు ఒక చిన్న పని చేస్తుంది. ఆ మనిషి చెయ్యి బరువంతా తన చేతుల్లోకి తీసుకుని, నెమ్మదిగా తనే పైకి ఎత్తి చూస్తుంది. బిగుసుకున్న భుజమైతే ఎవరెత్తినా లేవదు. మనిషి తనంతట ఎత్తలేక, ఇంకొకరు ఎత్తితే లేచిందంటే అది బిగుసుకోవడం కాదు. కండని ఎముకకి కట్టి ఉంచే తాడు దెబ్బతిన్నట్టు. అర నిమిషం పని. మొదటి ఏడాది పిల్లలకి నేర్పే పని.

సొంత అన్నకి అది చెయ్యలేదు. బస్సు అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది ఆ రోజు. ఆ అయిదు నిమిషాలూ చిట్టికి ఇప్పటికీ గుర్తున్నాయి.

*

సోమవారం నాడు నొప్పికి నిద్రలేక, అన్నే క్లినిక్కి వస్తానన్నాడు. చిట్టి పనిచేసే చోటే. ఆ గదుల సీలింగులన్నీ అతను రంగేసినవే. బల్ల మీద వెల్లకిలా పడుకుని పైకి చూసి, "మూడు కోటింగులు మేడం. చూడండి, ఎక్కడైనా అతుకు కనిపిస్తోందా?" అన్నాడు.

పెద్దమేడం నవ్వింది. ఆ క్లినిక్ ఆవిడదే. చిట్టికి పని నేర్పింది ఆవిడే. ఒక చెయ్యి అతని వీపు పలక మీద ఆనించి, ఇంకొకటి మోచేతి కింద పెట్టింది.

"బరువు నాకు వదిలెయ్యండి. మీరేం ఎత్తకండి."

చెయ్యి లేచింది. భుజం దాటింది. చెవి దాకా వెళ్ళింది. అంత ఎత్తుకి ఆ చెయ్యి వెళ్ళి నెల దాటింది.

గోడవారగా కేసు కాయితం పట్టుకుని నిలబడ్డ చిట్టి, అన్న చెయ్యి పైకి వెళ్తుంటే చూస్తూ ఉండిపోయింది. 

"ఇది బిగుసుకోలేదే," అంది పెద్దమేడం. ముందే తీయించి తెమ్మన్న స్కాను ఫిల్ము వెలుతురుకి పట్టింది. "తాడు కొంత చిరిగింది. పూర్తిగా తెగలేదు." తర్వాత అతని మణికట్టు ఊరికే పట్టుకుంది, నాడి చూసినట్టు. అన్న ఒళ్ళంతా బిగుసుకుంది. ఆవిడ వదిలేసింది. "ఈ చెయ్యి ఎవరు లాగారు?"

అన్న సీలింగు వైపే చూస్తున్నాడు.

"మణికట్టు పట్టుకుంటే చాలు బెదురుతున్నారు. ఎవరో లాగిన మనిషే అలా బెదురుతాడు. ఎవరు?"

"మా వీధిలో కట్టుతాత ఉన్నాడు మేడం. ఎముకలకి కట్లు కడతాడు. ఆయన కొన్నాళ్ళు లాగాడు."

పెద్దమేడం చిట్టి వైపు తిరిగింది. "ఇంట్లో నువ్వుండగా?"

"నాకు తెలీదు మేడం."

మూడు మాటలు. అంత తేలిగ్గా వచ్చేశాయి నోట్లోంచి.

"రాసుకో."

రాసింది. 'వీధి కట్టు వైద్యుడు బలవంతంగా లాగాడు. పది రోజులు.'

అన్న చెప్పింది కొన్నాళ్ళని. పది రోజులని రాసింది చిట్టి. చెయ్యి దానంతట అదే రాసేసింది. అబద్ధం రాయడంలో కూడా లెక్క తప్పకూడదన్నట్టు.

"ఇంకొక్క సంగతి," అంది పెద్దమేడం. "బాగా ఆలోచించి చెప్పండి. లాగినప్పుడు ఎప్పుడైనా టప్పుమని చప్పుడు గానీ, లోపల ఏదో తెగినట్టు గానీ అనిపించిందా? ఏళ్ళ తరబడి పనిలో అరిగి చిరిగిన తాడైతే కత్తి అక్కర్లేదు. మా చేతులూ మీ వ్యాయామమూ చాలు. మూడు నెలలు పడుతుంది, అంతే. కానీ ఈ మధ్యే ఒక్క గుంజుకి తెగిందైతే సర్జను వెంటనే చూడాలి. ఆలస్యమైతే కండ వెనక్కి ముడుచుకుపోతుంది. తర్వాత ఎవరూ ఏం చెయ్యలేరు."

"అలాంటిదేం లేదు మేడం," అన్నాడు అన్న. అబద్ధం కాదు. అతనికి నిజంగానే తెలియదు.

తెలిసిన మనిషి గోడవారగా నిలబడి ఉంది.

పదో రోజు పొద్దున, వదిన మంచినీళ్ళకి వీధి పంపు దగ్గర ఉంది. చిట్టి అరచేతి కింద, అన్న భుజంలో, నానిన నారతాడు తెగినట్టు ఏదో కదిలింది. చప్పుడు చిన్నదే. అన్న తువ్వాలు వదిలేసి, "ఏంటే అది?" అన్నాడు.

"మంచం," అంది చిట్టి. "మంచం కిర్రుమంది."

ఆ సాయంత్రమే అన్న ఎడమచేత్తో సుత్తి పట్టుకుని, తంటాలు పడి, మంచం కోడుకి మేకు కొట్టాడు. "ఇంక చప్పుడు చెయ్యదులే, నువ్వు లాగుకో" అన్నాడు.

"కొన్నాళ్ళు విశ్రాంతి ఇద్దామన్నయ్యా," అంది చిట్టి. అంతే. మళ్ళీ ఆ చెయ్యి ముట్టుకోలేదు.

*

"ఎవరో వచ్చారు," అని వదిన తలుపుకి చెప్పింది.

కట్టుతాత. చంకలో ఒక రేకు బోర్డు. 'ఇచ్చట విరిగిన ఎముకలకు కట్లు కట్టబడును.' ఆ అక్షరాలు అన్న వేసినవే. ఎర్ర రంగు, నల్ల అంచు.

"రా తాతా, కూర్చో," అని అన్న లేవబోయాడు.

"కూర్చోవడానికి రాలేదురా. నిన్న ఇద్దరొచ్చారు, ఆరోగ్యం ఆఫీసు నుంచంట. బోర్డు దించమన్నారు. సరే, పైవాళ్ళు దించమంటే దించుతాం. ఎందుకయ్యా అంటే నీ సంగతి చెప్పారు. నీ చెయ్యి నేను లాగి పాడుచేశానంట."

అన్న నోరు తెరిచాడు. 

"ఏరా. ముసలాణ్ణి, మర్చిపోయానేమో, నువ్వే చెప్పు. నెల కిందట నా దగ్గరికొచ్చావు. నేనేం చేశాను?"

"తాతా, అది కాదు…"

"నీ చెయ్యి నా చేతిలోకి తీసుకుని ఎత్తాను. లేచింది. నిన్ను ఎత్తమన్నాను. లేవలేదు. ఇది ఎముక కాదు, కీలూ కాదు, లోపల తాడు, నా కట్టుకి లొంగేది కాదు అన్నాను. ఇంట్లో చదువుకున్న పిల్లని పెట్టుకుని నా దగ్గరికెందుకొచ్చావురా, వెళ్ళి దానికి చూపించు అన్నాను. అన్నానా లేదా?"



ఎత్తి చూశాడు. బడికి పోని మనిషి, వీధి అరుగు మీద కూర్చుని, ఆ అర నిమిషం పనీ చేశాడు. చేసి, తనకి రాదని ఒప్పుకుని, వచ్చినవాళ్ళ దగ్గరికి పంపాడు. చిట్టి దగ్గరికే.

చిట్టి చేతిలో సంచి బరువెక్కింది. అందులో ఒక కోటు తప్ప ఇంకేం లేదు.

"అన్నావు తాతా. చదువుకున్నదానికి నేను చెప్పేదేముందని ఆ మాట దానికి చెప్పలేదు," అన్నాడు అన్న నేలకేసి చూస్తూ.

"మరి నా పేరెందుకు చెప్పావు? నేను నీకేం చేశాను?"

 తాత అరవలేదు. అరిస్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవాళ్ళు. బోర్డు గోడకి ఆనించి, చిట్టి వైపు తిరిగాడు.

"అమ్మా డాక్టరమ్మా. ఈడేదో భయపడి నా పేరు చెప్పినట్టున్నాడు. ఎవడో లాగుంటాడు, వాడి పేరు చెప్పలేక నాది చెప్పుంటాడు. పోనీలే. నువ్వు ఆ మేడం దగ్గరే పనిచేస్తావు. నువ్వు చదువుకున్నదానివి, నీ మాట వింటుంది. తాత ముట్టుకోలేదని నువ్వొక్క మాట చెప్పు. చాలు. బోర్డు లేకపోతే పోయింది. నా దగ్గరికొచ్చే జనం నన్ను చూసే చూపు మారింది, అదీ నా బాధ."

చిట్టి సంచి కింద పెట్టింది. "చెప్తాను తాతా."

"నువ్వు చెప్తావని నాకు తెలుసు."

"టీ తాగి వెళ్ళు తాతా," అంది వదిన. 

"వద్దమ్మా. ఇంకెప్పుడన్నా." బోర్డు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. "దీన్ని మళ్ళీ రాయాలేమో, ఇక్కడే ఉండనీ. రాయడానికి నీ చెయ్యి బాగవ్వాలిగా ముందు," అన్నాడు గడప దాటుతూ.

*

వదిన తిన్న కంచం తీసింది. సింకులో పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. తర్వాత మూడు రోజుల్లో మొదటిసారి చిట్టి మొహంలోకి చూసింది.

"చెప్తానన్నావుగా. ఏం చెప్తావు?"

"దాన్నేం అనకు," అన్నాడు అన్న.

"నేను మీతో మాట్లాడటం లేదు. ఏం చెప్తావు చిట్టీ?"

చిట్టి గోడకి ఆనించిన బోర్డు వైపు చూసింది.

"లాగినందుకు కాదు నాకు కోపం. క్లినిక్కులో జరిగింది ఈయన నాకు చెప్పారు. విను. చేతులున్నవాళ్ళు తప్పు చేస్తారు. నేను అన్నం మాడుస్తాను. ఈయన రంగు కారుస్తారు. కారిందనుకో, తడి ఆరకముందే గుడ్డతో తుడుస్తారు. ఆరాక తుడవడానికుండదు, గీకాలి. నువ్వు తుడవలేదు. ఈయన నీ వంతు కూడా తీసుకెళ్ళి ఆ ముసలాయన మీద పోశారు. నువ్వు చూస్తూ నిలబడ్డావు. చూస్తూ కూడా కాదు, రాస్తూ."

"చాల్లే," అన్నాడు అన్న.

"మీకు చాలు. మీకెప్పుడూ చాలు. దాని బట్టలు నలగకూడదు, దాని పేరు నలగకూడదు. చెయ్యి నలిగితే మాత్రం పర్లేదు."

చిట్టికి ఒక్క క్షణం అనిపించింది, ఇప్పుడే చెప్పేస్తే పోతుందని. వదినా, నీకు తెలిసింది సగమే. లాగడం సగం. మిగతా సగం నా అరచేతిలో ఉంది.

కానీ వదిన వెనక్కి తిరిగి పంపు విప్పేసింది. నీళ్ళ చప్పుడులో ఇంకే మాటా వినబడదు.

*

క్లినిక్ నాలుగు స్టాపుల అవతల. బస్సులో తోపులాటకి భుజం తట్టుకోదని నడిచే వెళ్ళారు. చిట్టి అతని కుడివైపున నడిచింది, ఎవరూ తగలకుండా.

"తాత సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు అన్న. "సాయంత్రం వెళ్ళి కాళ్ళు పట్టుకుంటా. ఎడంచెయ్యి ఖాళీగానే ఉందిగా."

చిట్టి నవ్వలేదు.

"నువ్వు మాత్రం ఆ మేడం ముందు నోరు విప్పకు. నా మాట విను. చెయ్యి నాది. ఎవరు లాగారో చెప్పాల్సిందీ నేనే. నిన్ను చేతగానిదానివని ఇంకొకరి చేత అనిపించుకోవడానికా నేను ఇన్నేళ్ళు నిచ్చెనలెక్కింది?"

"అన్నయ్యా…"

"మూడు నెలలు వ్యాయామం చేస్తే వస్తుందన్నారుగా. చేస్తాను. వస్తుంది. అప్పుడు ఎవరు లాగారన్నది ఎవరికి కావాలి?"

అది విని చిట్టి కాళ్ళు ఆగిపోయాయి. మూడు నెలలు. ఈ మనిషి మూడు నెలలు బుద్ధిగా, రోజూ, చెప్పినన్నిసార్లు చెప్పినట్టు చేస్తాడు. లోపల కండ రోజుకింత వెనక్కి జరిగిపోతుంటే, వస్తుంది వస్తుంది అనుకుంటూ చేస్తాడు.

"అన్నయ్యా, ఆ రోజు మంచం…"

"మంచానికేమైంది? మేకు కొట్టానుగా. ఆనాటి నుంచి నోరెత్తితే ఒట్టు." నవ్వాడు. "పద, టైమవుతోంది. మీ మేడం ఆలస్యమైతే ఊరుకోదన్నావు."

చిట్టి నడిచింది. ఎదురుగా వచ్చే సైకిలుకి అడ్డంగా తన భుజం పెట్టింది.

*

"ఇవాళ చేతి పని తక్కువ, గోడ పని ఎక్కువ," అంది పెద్దమేడం. "మోచెయ్యి నడుముకి ఆనించండి. పిడికిలి గోడకి ఆనించండి. ఇప్పుడు గోడని పక్కకి నెట్టాలి. చెయ్యి కదలకూడదు. బలం మాత్రం పెట్టాలి. నలభై లెక్కపెట్టి వదిలెయ్యండి. అయిదుసార్లు. నొప్పి పదిలో మూడు దాటితే ఆపెయ్యండి. ఓర్చుకున్నవాళ్ళకి ఇక్కడ బహుమతులివ్వం."

"ఇన్నాళ్ళూ గోడలతోనే కాపురం చేశాను మేడం. ఇప్పుడు గెంటెయ్యమంటున్నారు."

పెద్దమేడం నవ్వింది. "గెంటినా పోదులెండి. ముందు కొంచెం వదులు చేద్దాం. చిట్టీ, నువ్వు పట్టుకో. నేను చూస్తాను."

చిట్టి చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. ఒక చెయ్యి అన్న వీపు పలక మీద పెట్టింది. ఇంకొకటి మోచేతి కింద. పద్ధతి ప్రకారం, మెల్లగా. నెల కిందట చెయ్యాల్సినట్టు.

"బరువు నాకు వదిలెయ్యన్నయ్యా."

"వదిలేశాను," అన్నాడు అన్న. మేడంకి వినపడేలా, "హాయిగా ఉంది. మంచి చెయ్యి మేడం ఇది," అన్నాడు.

కానీ చిట్టి అరచేతుల కింద ఆ భుజం రాయి అయిపోయింది. మెడ నుంచి మోచేతి దాకా ప్రతి కండా ఊపిరి బిగబట్టి కాచుకుని ఉంది, ఇప్పుడు లాగుతుంది, ఇప్పుడు లాగుతుంది అని. నోరు ఆమె వైపు సాక్ష్యం చెప్తోంది. కండకి ఆ లౌక్యం తెలియదు.

మొన్న పెద్దమేడం ఎత్తితే చెవి దాకా లేచిన చెయ్యి, చిట్టి చేతుల్లో భుజం దాకా కూడా రాలేదు.

పెద్దమేడం చూసింది. 

"సరే, గోడ దగ్గరికి వెళ్ళండి," అంది.

అన్న గోడ దగ్గర నిలబడి, పిడికిలి ఆనించి, బడిపిల్లాడిలా పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "ఒకటి… రెండు… మూడు…"

చిట్టి బల్ల దగ్గరికి వెళ్ళింది. సోమవారం నాటి కాయితం తీసి మేడం ముందు పెట్టింది. తన చేతిరాతే. గుండ్రంగా, శుభ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా.

"మేడం. ఇందులో పది రోజులని ఉంది. అన్నయ్య అలా చెప్పలేదు."

"అవును. కొన్నాళ్ళు అన్నారు. నేనూ గమనించాను." పెద్దమేడం కలం కింద పెట్టింది. "మరి పది ఎక్కడి నుంచి వచ్చింది?"

"పదకొండు… పన్నెండు…"

"లెక్క నాది మేడం. లాగింది కూడా నేనే."

గోడ దగ్గర గొంతు పెరిగింది. "పదిహేను. పదహారు." ఆ గది అంతా నిండిపోయేంత గట్టిగా, చెల్లెలి మాట మీద ఇంకో కోటింగు వేసినట్టు.

"కట్టుతాత?"

"ముట్టుకోలేదు. అంటే, ఎత్తి చూశాడట. తాడు అని చెప్పి నా దగ్గరికి పంపాడు."

"ఎత్తి చూశాడు."

"చూశాడు మేడం."

"నువ్వు?"

"చూడలేదు."

 ఆరోగ్యం ఆఫీసుకి ఫోన్ చేసింది పెద్దమేడమే. ఆ సంగతి ఆవిడ మొహంలో మెల్లగా తేలింది. కాయితం తనవైపు లాక్కుని మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"పది రోజులు," అంది. "బిగుసుకున్న భుజమని అనుకున్నదానివి ఆరు వారాలు సాగదియ్యాలి. పదికే ఎందుకు ఆపావు?"

చిట్టికి తెలుసు, ఈ ప్రశ్న వస్తుందని. లాగిన మాట ఒప్పుకోవడం కష్టం కాలేదు. కష్టం ఇక్కడుంది.

"ఆపడమేంటి మేడం," అన్నాడు అన్న గోడ వైపు నుంచే, తల మాత్రం తిప్పి. "పాపం విశ్రాంతిచ్చింది. నేను నొప్పని మూలుగుతుంటే చూడలేకపోయింది. దానికేం తెలుసు, పైగా ఆ రోజు మంచం కూడా కిర్రుమంది. పాత మంచం. నేనే మేకు కొట్టాను." నవ్వి, మళ్ళీ గోడకి తిరిగాడు. "ఎక్కడున్నాను? ఇరవై తొమ్మిది. ముప్పై."

పెద్దమేడం కళ్ళు అతని వీపు మీద ఆగాయి. అక్కణ్ణించి చిట్టి చేతుల మీదికి వచ్చాయి.

చిట్టి కుడి అరచెయ్యి కోటుకి గట్టిగా అదుముకుని ఉంది. దాని మీద ఏదో అంటుకుని ఉన్నట్టు.

"అది మంచం కాదన్నయ్యా."

గోడ దగ్గర లెక్క ముప్పై ఒకటి మీద ఆగిపోయింది. అతను వెనక్కి తిరగలేదు. పిడికిలి మాత్రం ఇంకా గోడని నెడుతూనే ఉంది.